కేసీ కాలువ, మన తాండాలు: రేనాటి సేద్యంలో నీళ్లు తెచ్చిన మార్పు

ఉయ్యాలవాడ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నరసింహారెడ్డి. 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి, 1847 ఫిబ్రవరి 22న అదే కోవెలకుంట్లలో ఉరి. ఆయన వెంట నడిచిన వాళ్లలో బోయలు, చెంచులు, యానాదులు, వడ్డెలు ఉన్నారని మన పిల్లలకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఆ తర్వాత వినిపించే పేరు బుడ్డా వెంగళరెడ్డిది. 1866 కరువులో వేల మందికి అన్నం పెట్టినందుకు విక్టోరియా రాణి బంగారు పతకం ఇచ్చింది ఆయనకే. ఈ రెండు ఘటనల మధ్య ఇరవై ఏళ్లు. ఫిబ్రవరి వస్తే మా హాస్టల్ పిల్లలు 15న సేవాలాల్ మహరాజ్ జయంతికీ, వారం తిరగ్గానే రెడ్డి వర్ధంతికీ ఉపన్యాసాలు తయారు చేసుకుంటారు. కాలువ గురించి మాత్రం ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. కానీ మన ముత్తాతలు ఎద్దుల వెంట నడవడం మానేసి తాండా వేసుకొని ఎందుకు నిలబడ్డారో, ఆ తాండాలు ఎక్కువగా గుట్ట అంచునే ఎందుకున్నాయో తెలియాలంటే కర్నూలు–కడప కాలువ కథ తెలియాలి. మనం ముద్దుగా కేసీ కాలువ అనేది దాన్నే.

కాలువకు ముందు ఈ నేల ఎలా ఉండేదో మొదట చెప్పుకోవాలి. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల మధ్య కుందూ లోయ అంతా నల్లరేగడి. రేగడి అంటే నీళ్లు తాగి దాచుకునే నేల. వానలు బాగా పడితే చాలు, ఆ పదును మీదే చలికాలం పంట పండిపోతుంది. ముంగారిలో కొర్రను, పత్తిని కలిపి సాళ్లుగా వేసేవాళ్లు. కొర్ర ముందు కోతకొస్తే పత్తి నిలిచి ఏరుడుకొచ్చేది. ఇంగారిలో జొన్న. ఏటా మడక దున్నే అలవాటు కూడా లేదు. గుంటక తోలి, గొర్రుతో విత్తేవాళ్లు. గరిక, తుంగ బాగా పట్టిన చేనుకే నాలుగైదు జతల ఎద్దులు కట్టి పెద్ద మడక దించేవాళ్లు. జొన్న పండితే మనిషికి రొట్టె, ఎద్దుకు చొప్ప. ఎద్దు బలంగా ఉంటే మళ్లీ సేద్యం. అదంతా ఒకదానికొకటి ముడిపడిన పద్ధతి. వాన తప్పితే మాత్రం మొత్తం ఒక్కసారిగా కూలిపోతుంది.

ఆ రోజుల్లో మనం రైతులం కాదు. సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని ఏ పేరుతో పిలిచినా మన పని ఎద్దుల మీద సరుకు మోయడం. కోస్తా నుంచి ఉప్పు పైకి, ఇక్కడి నుంచి ధాన్యం, పత్తి కిందికి. వందల ఎద్దులు, ఒక్కోదాని మీద రెండు గోనెలు, ముందు నాయక్, వెనక ఆడవాళ్లు, పిల్లలు. 1791–92లో టిప్పు సుల్తాను మీద యుద్ధానికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు మోసినవీ మన ఎద్దులే. సేవాభాయా వేల గోవులు కాచిన కథ మన ఇళ్లలో చెప్పుకుంటామే, అది వట్టి భక్తి కథ కాదు, ఒక వృత్తి జ్ఞాపకం. ఆయన పుట్టిన చోటని మనం కొలిచే సేవాగఢ్ గుత్తి దగ్గరే ఉంది. ఎరుకల వాళ్లదీ ఇలాంటి బతుకే: గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం, కరివేపాకు. పంట కోసిన చేలల్లో మన పశువులు రాత్రి మందగా ఉంటే రైతుకు ఎరువు, మనకు గింజలు. బీడు ఉన్నంత వరకు, అడవి తెరిచి ఉన్నంత వరకు ఈ లెక్క నడిచింది.

ఇక కాలువ. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు రైలు కన్నా కాలువ మేలని గట్టి నమ్మకం. కాలువ పొలం తడుపుతుంది, దాని మీద పడవా పోతుంది అన్నది ఆయన వాదన. తుంగభద్ర నీళ్లను పెన్నకు కలిపి నెల్లూరు తీరం దాకా తీసుకుపోవాలన్న పెద్ద పథకానికి మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ 1858లో ముందుకొచ్చింది. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి సర్కారు హామీ. అంటే కాలువలో నీళ్లు పారినా పారకపోయినా లండన్‌లో వాటాదారుకు వడ్డీ అందుతుంది, అది కట్టేది ఇక్కడి శిస్తుల నుంచి. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట, కర్నూలులో హంద్రీ నది మీదుగా కాలువ దాటడానికి అక్విడక్టు, దారి పొడవునా పడవలు దిగడానికి లాకులు. 1863లో మొదలైన పని 1870–71 నాటికి కడప చేరింది. పొడవు సుమారు 190 మైళ్లు, ఇప్పటి లెక్కలో 306 కిలోమీటర్లు. నెల్లూరు దాకా పోవాల్సిన పథకం డబ్బు చాలక అక్కడే ఆగిపోయింది.

మట్టి పని, రాతి పని అంటే ఈ సీమలో వడ్డెలు, ఉప్పరలు. రాయి కొట్టిన చేతుల పేర్లు ఏ లాకు మీదా చెక్కలేదు. అది మనకు కొత్త కాదు కాబట్టి ముందుకు పోదాం.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. కాలువ వచ్చింది, నీళ్లు వచ్చాయి, రైతు తీసుకోలేదు! కంపెనీ వాళ్లు, తర్వాత సర్కారు అధికారులు ఇది రైతుల మొండితనమని కొట్టిపారేసేవాళ్లు. మెట్ట సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఇందులో మొండితనం కనిపించదు. వరి వేయాలంటే నేల చదును చేయాలి, గెనాలు వేయాలి, ఎరువు కావాలి, ఎద్దులు ఎక్కువ కావాలి, నాటడానికి కలుపు తీయడానికి మనుషులు కావాలి. వాటికి తోడు నీటి తీరువా. ఇంత చేసినా రేగడిలో నీళ్లు ఎక్కువైతే దిగవు, నేల ఉబ్బి బురదై, కొన్నేళ్లకు చౌడు తేలుతుంది. వాన బాగున్న ఏడు జొన్న ఎలాగూ పండుతుంది, మరి కాలువ నీళ్లు కొనడం ఎందుకు? పైగా వరిగడ్డి చొప్పకు సాటి రాదు. అందుకే కరువు ఏడు వచ్చినప్పుడు నీళ్ల కోసం ఎగబడేవాళ్లు, మంచి ఏడు రాగానే తూము మూసేసేవాళ్లు. కంపెనీకి పెట్టుబడి తిరిగి రాలేదు. చివరికి 1882లో సర్కారే కాలువను కొనేసింది.

అసలు కాలువ విలువ తెలిసింది ధాత కరువులో. 1876–78 మధ్య మద్రాసు రాజధానిలో కర్నూలు అంత దెబ్బతిన్న జిల్లాలు కొద్ది. 1871 జనాభా లెక్కలనూ 1881 లెక్కలనూ పక్కపక్కన పెడితే ఈ జిల్లా దాదాపు నాలుగో వంతు మనుషులను కోల్పోయినట్టు కనిపిస్తుంది. కరువు పనుల్లో రోజుకు ఒక పౌను ధాన్యం చాలని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కడితే, డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని వాదించిన కాలమది. కాలువ పారిన గట్టు పక్క ఊళ్లలో గింజ కనిపించింది, దూరం ఊళ్లలో కనిపించలేదు. పశువులు పోయిన ఇంటికి మాత్రం కాలువ కూడా ఏమీ చేయలేకపోయింది. మన పూర్వీకుల ఆస్తి అంతా పశువులే. ఎద్దు చచ్చాక మోసే వ్యాపారం ఏముంటుంది?

కరువు ఒక్కటే అయితే మళ్లీ మంద పెంచుకునేవాళ్లేమో. 1871 అనే సంవత్సరాన్ని మన పిల్లల చేత ప్రత్యేకంగా గుర్తు పెట్టిస్తాం. కేసీ కాలువ కడప దాకా పారడం మొదలైంది ఆ రోజుల్లోనే. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా వచ్చిన రైలు మార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది అదే ఏడు. సంచార జాతులను పుట్టుకతో నేరస్తులుగా నమోదు చేసే చట్టం ఉత్తరాదిలో వచ్చిందీ అదే ఏడు. ఆ తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి నల్లమల రిజర్వు అడవి అయ్యింది, మేతకు రుసుము పడింది. ఆపై గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడకు రైలు. గోనె మోసే ఎద్దుకు దారి లేదు, మేసే ఎద్దుకు అడవి లేదు. తాండా ఆగిపోవడం మనం చేసుకున్న ఎంపిక అని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. మేము దానితో ఏకీభవించం. దారులన్నీ మూసుకుపోయాక ఆగడం వేరు.

ఆగింది ఎక్కడ? ఇక్కడే మన సీమ కథ మిగతా చోట్ల కన్నా వేరుగా ఉంటుంది. పంజాబులో చీనాబ్ కాలువ కింద 1892 నుంచి సర్కారు తన బంజరు భూములను చతురస్రాలుగా కొలిచి, వేరే జిల్లాల నుంచి రైతులను తెచ్చి నిలిపింది. లయల్‌పూర్ అలా పుట్టిన ఊరు. మన తెలుగు నేలలో 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ కింద బోధన్, బాన్సువాడ వైపు కోస్తా రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. కేసీ కింద అలాంటి పంపకం జరగలేదు. కాలువ రాకముందే ఇక్కడ మన్రో కాలం నుంచి రైతువారీ పట్టాలున్నాయి, ఇనాములున్నాయి. కాలువ నీళ్లు పోయిన ప్రతి సెంటుకూ అప్పటికే యజమాని ఉన్నాడు. తర్వాత వచ్చి నిలబడిన మనకు మిగిలింది నల్లమల అంచు, ఎర్రమల గుట్టల వాలు, పోరంబోకు, రాళ్ల ఎర్రనేల. అంటే కాలువ గట్టుకు పైన ఉన్న నేల. నీళ్లు పల్లానికే పోతాయి కదా.

ఎరుకల వాళ్లకు ఇంకో రకం స్థిరవాసం రాసిపెట్టారు. నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసుకూ వర్తించాక సెటిల్‌మెంట్లు వెలిశాయి. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం అందరికీ తెలుసు. మన దగ్గర ఆత్మకూరు పక్కన సిద్ధాపురంలోనూ సెటిల్‌మెంటు ఉండేది. సుగాలీల్లోనూ కొన్ని గుంపులను ఈ చట్టం కింద చేర్చారు. వాళ్లకు సేద్యం నేర్పి మంచివాళ్లను చేస్తామన్నది పైకి చెప్పిన మాట. కానీ సేద్యానికి కావలసింది నేల, నీళ్లు, ఎప్పుడంటే అప్పుడు సంతకు పోయే స్వేచ్ఛ. హాజరు పట్టీలో వేలిముద్ర వేస్తేగానీ ఊరు దాటలేని మనిషి రైతు ఎలా అవుతాడు? కూలీ అవుతాడు. స్టువర్టుపురం వాళ్లు చీరాల పొగాకు కంపెనీలో కూలీలైంది అందుకే. ఆ చట్టం పూర్తిగా రద్దయ్యింది 1952లో. ఆ ముద్ర ఎప్పుడు పోతుందో ఏ గెజిట్‌లోనూ రాయలేదు.

కాలువ కింద అసలు మార్పు ఇరవయ్యో శతాబ్దంలో నెమ్మదిగా వచ్చింది. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం పెట్టినప్పుడు అక్కడ చూసుకున్నది ఎక్కువగా పత్తి, జొన్న, కొర్ర లాంటి మెట్ట పంటలనే. కాలువ మీద పడవల రాకపోకలు 1930ల్లో ఆగిపోయాయి, రైలుతో పడవ పోటీ పడలేకపోయింది. దాంతో కేసీ పూర్తిగా సేద్యపు కాలువ అయ్యింది. సుంకేసులలో నీళ్లు నిలవ చేసే జాగా లేదు, నదిలో పారినప్పుడే కాలువలో పారుతుంది. 1953లో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం నిండడం మొదలయ్యాక దిగువన నది తీరే మారింది, ఆ డ్యాం నుంచి కేసీకి వాటా కేటాయించాల్సి వచ్చింది. తర్వాత కృష్ణా ట్రిబ్యునల్ కేసీకి 39.9 టీఎంసీలు లెక్కకట్టింది, అందులో 10 టీఎంసీలు తుంగభద్ర డ్యాం నుంచి రావాలి. ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు. 1960ల తర్వాత పొట్టి వరి రకాలు, యూరియా, డీజిల్ ఇంజన్లు వచ్చాయి. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 వచ్చింది. హైదరాబాదు దుకాణాల్లో ‘కర్నూలు సోనా’ అని అమ్మే బియ్యం అదే. తాతలు వద్దన్న వరిని మనవళ్లు వదలమన్నారు. నంద్యాల పక్కన వరి, మహానంది ఊటల కింద అరటి, కడప వైపు పసుపు.

వరితో పాటు మన బతుకూ మారింది. జొన్న కోత వారం పది రోజుల పని, కల్లం దగ్గరే గింజల్లో కూలి. వరికి నారు పీకాలి, నాటాలి, రెండు మూడుసార్లు కలుపు తీయాలి, కోయాలి, నూర్చాలి. అన్నిటికీ ఆడవాళ్లు కావాలి. కాలువకు నీళ్లు వదలగానే గుట్ట అంచు తాండాల నుంచి ఆడవాళ్లు గుంపులుగా కిందికి దిగడం అలా మొదలైంది. ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకొని, తెల్లారకముందే ఆటో ఎక్కి, వంగిన నడుం ఎత్తకుండా నాటు. కాంచళి, ఫేటియా కట్టుకొని బురదలో దిగలేరు. మన ఆడవాళ్ల కట్టు మారిపోవడానికి సినిమాలే కారణమంటారు కొందరు, మాకు మాత్రం వరి మడి కూడా ఒక కారణంగా కనిపిస్తుంది. తిండీ మారింది. బాటి అంటే జొన్నదో సజ్జదో అన్న రోజులు పోయి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక అన్నమే తిండి అయ్యింది. ఇప్పుడు హాస్టల్లో వారానికోసారి జొన్నరొట్టె పెడితే సగం మంది పిల్లలు పక్కకు నెడతారు. వాళ్ల అవ్వలు చూడటానికి వచ్చినప్పుడు ఆ రొట్టెలు కొంగులో కట్టుకుపోతారు.

1980ల నుంచి మరో నీటి దారి వచ్చింది. శ్రీశైలం డ్యాం కింద వంద దాకా ఊళ్లు మునిగాయి. ఆ నీళ్లే పోతిరెడ్డిపాడు నుంచి బనకచర్ల చేరి, అక్కడి నుంచి తెలుగుగంగగా వెలుగోడు జలాశయానికి, శ్రీశైలం కుడి కాలువగా గోరుకల్లు, అవుకు వైపుకు, కొంత కేసీకి చీలాయి. మద్రాసు నగరానికి తాగునీళ్లు ఇవ్వడానికి తవ్విన తెలుగుగంగ రుద్రవరం, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా నల్లమల అంచు పట్టుకునే పోతుంది. అంటే మొదటిసారి ఒక పెద్ద కాలువ మన గుట్ట అంచుకు దగ్గరగా వచ్చింది. కొన్ని తాండాల వాళ్లకు నిజంగానే మాగాణి రైతు అని చెప్పుకునే అవకాశం దొరికింది. ఈ మాట తప్పకుండా చెప్పాలి, ఎప్పుడూ నష్టాల పద్దే రాస్తే అది చరిత్ర కాదు. తడి నేల మీద రెండు పంటలు తీసి, పిల్లలను బీఈడీ దాకా, నర్సింగ్ దాకా చదివించిన ఇళ్లు మాకు తెలుసు.

కాలువ పైనున్న నేలకు మాత్రం బోరే గతి. మెట్ట వైపు, ముఖ్యంగా ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల రేగళ్లలో శనగ వచ్చి జొన్నను, పత్తిని వెనక్కి నెట్టింది. జేజీ 11 రకం పెద్దగా నీళ్లు అడగదు, కూలీలనూ అంతగా అడగదు. రైతుకు మంచిదే, కూలికి వెళ్లే తాండాకు ఆ మేరకు పని పోయింది. బోరు నీళ్ల కింద వచ్చిన ఇంకో పంట హైబ్రిడ్ పత్తి విత్తనం. ఇది మా వృత్తికి నేరుగా తగిలిన విషయం. సాయంత్రం మొగ్గ వలిచి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రాయాలి. ‘క్రాసింగు’ అంటారు. చిన్న వేళ్లు, తక్కువ ఎత్తు కావాలని ఆడపిల్లలను పెట్టుకునేవాళ్లు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చేవాళ్లు. దసరాకు ఇంటికి పోయిన పిల్ల సంక్రాంతి దాకా తిరిగి రాకపోతే ఎక్కడుందో వార్డెన్లకు వేరే చెప్పక్కర్లేదు. కర్నూలు జిల్లాలో ఈ సంగతి మీద అధ్యయనాలు వచ్చాక, గొడవలయ్యాక, ఇప్పుడు బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు. అక్టోబరు నెల హాజరు పట్టీ చూస్తే ఆ ఏడు ఏ పంట వేశారో ఇప్పటికీ చెప్పగలం.

చివరగా పట్టా సంగతి. తాండాల చేతిలో ఉన్న భూమి ఎక్కువగా డీకేటీ పట్టా భూమి, అడవి అంచున అయితే 2006 చట్టం కింద వచ్చిన హక్కు పత్రం. 2023 సవరణకు ముందు, 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి అమ్మకూడదు, కొనకూడదు అని ఉండేది. కానీ నీళ్లు రానంత కాలం ఎవరికీ పట్టని ఆ రాళ్ల నేల మీద, కాలువ వస్తుందన్న మాట వినగానే అందరి కన్నూ పడుతుంది. కాగితం మీద మన పేరు, చేనులో వేరేవాళ్ల పైరు ఉన్న చోట్లు మనకు తెలియనివి కావు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. వాటిలో ఓటు ఆయకట్టు భూమి ఉన్నవాళ్లకే. నాటు వేసే మనిషికి తూము ఎప్పుడు తెరవాలో అడిగే చోటు అందులో లేదు. ఉన్న ఆయకట్టులోనూ చివరి పిల్లకాలువ మీద ఉన్నవాళ్లకు నీళ్లు అందేసరికి నారు ముదిరిపోతుంది. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగి, సుంకేసుల, కేసీ గట్లు తెగినప్పుడు మాత్రం ముందూ చివరా అన్న తేడా లేకుండా అందరికీ ఒకేసారి నీళ్లొచ్చాయి.

గత ఏడాది ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సాంఘికశాస్త్రం ప్రాజెక్టుగా ఒక పని చెప్పాం. మీ తాండాకు దగ్గరి కాలువ ఏది, అది మీ ఇంటికన్నా పైనుందా కిందుందా, మీ తాత ఏ పంట వేశాడు, ఆయన తాత ఏం చేసేవాడు, అడిగి రాసుకురమ్మన్నాం. చాలామంది తాత తాత దగ్గర ‘ఎద్దులు’ అని ఒక్క మాట రాసుకొచ్చారు. ఇద్దరు ముగ్గురు పాత శిస్తు రసీదుల ఫొటోలు తెచ్చారు, ఒకరు గోనె కుట్టే దబ్బనం తెచ్చారు. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022లో, కొత్త జిల్లాకు చరిత్ర రాసేటప్పుడు ఇవి పనికొస్తాయి. మీ ఇళ్లలో పాత డీకేటీ పట్టా కాగితాలు, నీటి తీరువా రసీదులు, ఎద్దులకు కట్టిన గవ్వల పట్టెడలు ఉంటే అమ్మేయకండి. ఫొటో తీసి, ఏ తాండాదో, ఎవరి కాలం నాటిదో రాసి సంఘానికి పంపండి. వాటి మీద పేర్లు చెరిగిపోకముందే పిల్లల చేత రాయించి పెడతాం.